ముప్పై దాటాక మొటిమలు: ముందు మంట తగ్గాలి, తర్వాతే మందు

పెళ్లికెళ్లినా పేరంటానికెళ్లినా, ముప్పై అయిదేళ్ల మనిషి ముఖం మీద మొటిమ కనబడితే సలహా చెప్పకుండా ఎవరూ ఊరుకోరు. వేడి చేసుంటుంది, మజ్జిగ తాగమంటారు. నిమ్మకాయ రుద్దమంటారు. టూత్‌పేస్ట్ పెట్టుకుని పడుకోమంటారు. నేను విజయవాడలో బ్యాంకు కౌంటర్లో కూర్చుంటాను. రోజంతా ఎదురుగా జనమే కాబట్టి ఈ మాటలు ఖాతాదారుల దగ్గర కూడా వింటుంటాను. అందరూ మంచికే చెబుతారు. కానీ నిమ్మరసం, టూత్‌పేస్ట్ లాంటివి నాలాంటి సెన్సిటివ్, అంటే ఊరికే మండిపోయే చర్మం మీద పెడితే మొటిమ పోకపోగా చుట్టూ కందిపోతుంది.

పదిహేనేళ్ల పిల్లల మొటిమలకీ మనకొచ్చే వాటికీ కొంత తేడా ఉంది. వాళ్లకి ఎక్కువగా నుదురు, ముక్కు మీద, జిడ్డుతో వస్తాయి. మనకి గడ్డం చుట్టూ, దవడ వెంబడి, లోపల గట్టిగా, వేలు తగిలితే సలిపేలా వస్తాయి. చాలామంది ఆడవాళ్లకి నెలసరికి ముందు వారంలో ఎక్కువవుతాయి. దానికి తోడు అదే ముఖం సబ్బు పెడితే బిగుసుకుపోతుంది, కొత్త క్రీము రాస్తే చురచురలాడుతుంది. మొటిమకి గట్టి మందు పెడదామంటే చర్మం ఒప్పుకోదు, చర్మాన్ని చూసుకుని ఊరుకుందామంటే మొటిమ ఆగదు. ఈ రెండిటి మధ్య నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటే. ముందు చర్మాన్ని కుదుటపడనివ్వాలి. ఆ తర్వాత ఒకే ఒక్క మందు, అదీ నెమ్మదిగా.

మొదటి నెల: మూడే వస్తువులు

అరలో ఉన్న సీరమ్‌లు, స్క్రబ్‌లు, టోనర్లు, పీల్ ప్యాకులు అన్నీ పక్కన పెట్టేయండి. ఒక క్లెన్సర్, ఒక మాయిశ్చరైజర్, ఒక సన్‌స్క్రీన్ చాలు. డాక్టరు రాసిన మందు వాడుతుంటే మాత్రం ఆ డాక్టరుని అడగకుండా ఆపకండి.

క్లెన్సర్ నురుగు తక్కువగా వచ్చేదైతే మంచిది. మామూలు ఒంటి సబ్బు పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) 9, 10 దాకా ఉంటుంది, చర్మం పైపొరది 5 దగ్గర ఉంటుంది. అందుకే సబ్బుతో కడిగాక ముఖం పీకినట్టు అవుతుంది. ఆ బిగువునే శుభ్రం అనుకుంటాం, నిజానికి అది చర్మం ఎండిపోవడం. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి కడగండి. మధ్యలో చెమట పడితే ఉత్త నీళ్లు చాలు. మా ఊళ్లో మే నెల మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు పొగలు కక్కుతూ వస్తాయి, వాటితో కడిగితే ఎర్రబడిన ముఖం ఇంకా ఎర్రబడుతుంది. నేను పొద్దున్నే ఒక చెంబుతో నీళ్లు పట్టి పక్కన పెట్టుకుంటాను, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక వాటితోనే కడుగుతాను. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలి.

"నాది జిడ్డు ముఖం, నాకు మాయిశ్చరైజర్ ఎందుకు?" అనేది కోస్తాలో ఎక్కువగా వినే మాట. జిడ్డు వేరు, తడి వేరు. ముఖం మీద నూనె కారుతున్నా కింద చర్మం ఎండిపోయి మంట పుట్టవచ్చు. పైగా మొటిమల మందుల్లో చాలావరకు ఎంతోకొంత ఎండబెట్టేవే. గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్న జెల్ లాంటి పల్చటి క్రీము తీసుకుని, ముఖం ఇంకా తడిగా ఉండగానే రాయండి. కొబ్బరినూనె మాత్రం ముఖానికి వద్దు, మొటిమలొచ్చే చర్మంలో అది రంధ్రాలు మూసుకుపోయేలా చేయగలదు.

కొనేటప్పుడు ముందు వైపు రాసినవి వదిలేసి డబ్బా వెనక చదవండి. ఫ్రాగ్రెన్స్ అనో పర్‌ఫ్యూమ్ అనో కనబడితే తిరిగి అరలో పెట్టేయండి. "నేచురల్" అని రాసి ఉన్నా నిమ్మ నూనె, పుదీనా నూనె, లావెండర్ నూనె ఉంటే సెన్సిటివ్ చర్మానికి అవీ మంట పెట్టేవే. "నాన్ కమెడోజెనిక్" (రంధ్రాలు మూయదని) అన్న మాట ఉంటే మంచిదే గానీ, ఆ ఒక్క మాట చూసి నమ్మేయకండి. దానికి అన్ని కంపెనీలూ పాటించే కొలత అంటూ ఏమీ లేదు. ఏది కొన్నా చెవి కింద, దవడ వెనక కాస్త చోట వారం రోజులు రెండు పూటలా రాసి చూడండి. ఏమీ కాకపోతేనే ముఖమంతా.

సన్‌స్క్రీన్ గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. మన రంగు చర్మానికి మొటిమ కంటే అది వదిలిపోయిన మచ్చే ఎక్కువ కాలం బాధిస్తుంది. మొటిమ రెండు వారాల్లో పోతుంది, గోధుమరంగు మచ్చ నెలల తరబడి ఉంటుంది. ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది. ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నది తీసుకుని, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండి ముఖానికీ మెడకీ రాయాలి. చాలామంది అందులో పావు వంతు రాసి, పనిచేయట్లేదంటారు. కళ్లు, బుగ్గలు మండితే జింక్ ఆక్సైడ్ ఉన్నది చూడండి. అది తెల్లగా పూత పూసినట్టు కనబడుతుందనుకుంటే ఐరన్ ఆక్సైడ్లు కలిపిన లేత రంగు సన్‌స్క్రీన్లు దొరుకుతాయి, మచ్చలున్నవాళ్లకి అవి ఇంకా మేలు. స్కూటీ మీద వెళ్లేవాళ్లు ముఖానికి చున్నీ చుట్టుకోవడం మంచి అలవాటే, కాకపోతే ఆ చున్నీ రోజూ ఉతకాలి. హెల్మెట్ పట్టీ దవడ కింద రాసుకునేచోట కూడా మొటిమలొస్తాయి. దాన్ని అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడవండి.

మందు ఒక్కటే

మంట, బిగువు తగ్గాక మొటిమల సంగతి చూద్దాం. సెన్సిటివ్ చర్మానికి ఎంచుకోదగినవి మూడున్నాయి. చర్మం కింద చిన్న చిన్న గింజల్లా, నల్లటి, తెల్లటి తలలతో ఉంటే అడాపలీన్ 0.1 శాతం జెల్. ఎర్రగా చీము పట్టేవైతే బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. ఎరుపుతోపాటు మచ్చలు కూడా వేధిస్తుంటే, లేదా కడుపుతో ఉన్నా ఆ ఆలోచనలో ఉన్నా, అజెలాయిక్ యాసిడ్ గురించి డాక్టరుని అడగండి. గర్భిణులు అడాపలీన్ వాడకూడదు. ఈ మూడూ ఒకేసారి మొదలుపెట్టకండి. మంట పుడితే దేనివల్ల పుట్టిందో తెలుసుకోలేరు.

నేను వాడేది అడాపలీన్. డాక్టరు నాకు చూపించిన పద్ధతి ఇది. రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరేదాకా ఓ ఇరవై నిమిషాలు ఆగాలి, తడి చర్మం మీద మందు ఎక్కువగా మండుతుంది. ముక్కు పక్క మడతల్లో, పెదవుల మూలల్లో కాస్త పెట్రోలియం జెల్లీ రాసుకోవాలి. ముఖమంతా పల్చగా మాయిశ్చరైజర్ రాసి, వేలి కొస మీద బఠాణీ గింజంత మందు తీసుకోవాలి. దాన్ని నుదుటి మీద ఒక చుక్క, బుగ్గకొక చుక్క, గడ్డం మీద ఒక చుక్క పెట్టి, కళ్ల చుట్టూ వదిలేసి, మెల్లగా పరచాలి. పైన మళ్లీ మాయిశ్చరైజర్. మొటిమ మీద మాత్రమే పెట్టడం కాదు, రాబోయే వాటిని ఆపే మందు కాబట్టి ఎప్పుడూ వచ్చేచోటంతా రాయాలి. ఎక్కువ రాస్తే త్వరగా తగ్గదు, పొట్టు లేస్తుంది, అంతే.

మొదటి రెండు వారాలు వారానికి రెండు రాత్రులు చాలు, సోమవారం ఒకటి, గురువారం ఒకటి. తట్టుకుంటే రాత్రి విడిచి రాత్రి. తర్వాత కావాలంటే రోజూ. మంటగా ఉన్న రాత్రి మానేయడంలో నష్టమేమీ లేదు. మొదట్లో మొటిమలు కొంచెం ఎక్కువైనట్టు కనిపించవచ్చు. దానికి టెన్షన్ పడి మధ్యలో ఆపేసేవాళ్లే ఎక్కువ. ఫలితం కనబడటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నెలకొకసారి, ఒకే కిటికీ దగ్గర ఒకే వెలుతురులో ఫోటో తీసి పెట్టుకోండి. రోజూ అద్దంలో చూసుకుంటే మార్పు తెలియదు.

బెంజాయిల్ పెరాక్సైడ్ అయితే 2.5 శాతమే అడిగి తీసుకోండి. 10 శాతం దానికంటే పెద్దగా ఎక్కువ పనిచేయదు గానీ మంట మాత్రం ఎక్కువ. రాసి ఐదు నిమిషాలుంచి కడిగేసినా పనిచేస్తుంది, సెన్సిటివ్ చర్మానికి అదే నయం. బట్టల రంగు పోగొడుతుంది కాబట్టి తెల్ల తువ్వాలు, తెల్ల దిండు గలీబు వాడండి. క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ ఒక్కదాన్నే నెలల తరబడి రాసుకోవద్దు, బ్యాక్టీరియా దానికి అలవాటుపడిపోతుంది. డాక్టర్లు దాన్ని బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపి ఇచ్చేది అందుకే.

మెడికల్ షాపు "మంచి క్రీము"

ఈ ఒక్క విషయం కోసమైనా ఇదంతా రాయాలనిపించింది. మా బ్రాంచిలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు లంచ్ టైములో హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న ట్యూబు తీసింది. చివరిదాకా నొక్కి మడత పెట్టి ఉంది. "రాస్తే మూడు రోజుల్లో తగ్గిపోతాయి మేడం, మానేస్తే మళ్లీ వస్తాయి" అంది. ట్యూబు మీద ఎర్ర గీత, దాని పక్కన చీమతలకాయలంత అక్షరాలు. ఇద్దరం ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసి చదివాం. బీటామెథాసోన్ ఉంది. అంటే స్టెరాయిడ్.

స్టెరాయిడ్ క్రీము ఎరుపునీ వాపునీ వెంటనే అణుస్తుంది, ముఖం కొంచెం తెల్లబడినట్టు కూడా కనిపిస్తుంది. అందుకే మంచి క్రీము అనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, సన్నటి రక్తనాళాలు పైకి కనబడతాయి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి, స్టెరాయిడ్ వల్లనే కొత్త మొటిమలొస్తాయి. ఆపితే ముఖం నిప్పులా మండుతుంది, మళ్లీ అదే రాయాలనిపిస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా స్టెరాయిడ్ క్రీములని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా కౌంటర్ మీద అడిగితే చేతిలో పెట్టేస్తూనే ఉన్నారు. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్, ఫ్లూసినోలోన్ అన్న పేర్లలో ఏది కనబడినా మొటిమల కోసం ముఖానికి రాయకండి. ఇప్పటికే నెలలుగా రాస్తుంటే ఎవరికీ భయపడకుండా, సిగ్గుపడకుండా స్కిన్ డాక్టరుకి చూపించండి. ఎలా మానాలో ఆయనే చెప్తారు.

ఇంట్లో, పార్లర్లో

నుదుటి మీద ఒకే సైజులో, దురద పెట్టే సన్నటి పొక్కులైతే అవి మొటిమలు కాకపోవచ్చు, చర్మం మీద ఉండే ఒక రకం ఫంగస్ వల్ల కూడా వస్తాయి. వాటికి మొటిమల మందు పనిచేయదు, డాక్టరు చూసి వేరే మందు ఇస్తారు. తలకి నూనె పెట్టుకుని రాత్రంతా పడుకునే అలవాటుంటే, నూనె పెట్టిన గంటకే తలంటుకోండి. నుదుటి మొటిమలు కొన్ని దాంతోనే తగ్గుతాయి.

సున్నిపిండి ఒంటికి హాయిగా ఉంటుంది, ముఖానికి మాత్రం ఆ గరుకు పనికిరాదు. పెళ్లిళ్లలో నలుగు పెట్టేటప్పుడు కాదంటే బాగుండదని మొహమాటపడకండి. "అత్తయ్యా, ముఖానికి మందు వాడుతున్నాను, చేతులకీ కాళ్లకీ పెట్టండి" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. థ్రెడింగ్‌కి, వ్యాక్సింగ్‌కి వెళ్లేముందు వారం రోజులు అడాపలీన్ ఆపండి, లేకపోతే పైపొర ఊడివస్తుంది. బ్లీచ్, ఆవిరి పట్టి నొక్కి తీసే ఫేషియల్ పూర్తిగా మానేయడమే మంచిది.

తిండి గురించి ఎక్కువ చెప్పను. కూల్‌డ్రింకులు, మైదా, స్వీట్లు తగ్గిస్తే కొందరికి మొటిమలు తగ్గుతాయి. జిమ్‌లో తాగే వే ప్రోటీన్‌తో కొందరికి పెరుగుతాయి. అందరికీ కాదు.

డాక్టరు దగ్గరికి

గుంటలు పడుతున్నా, లోపల గడ్డల్లా వచ్చి నొప్పి పెడుతున్నా మూడు నెలలు ఆగకండి, గుంట పడ్డాక సరిచేయడం కష్టం. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలొస్తూ, మొటిమలూ ఉంటే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే సమస్య) ఉందేమో చూడమని అడగండి. పైపూతతో తగ్గని వాటికి లోపలికి మందులున్నాయి. అందులో ఐసోట్రెటినాయిన్ కడుపులో బిడ్డకి చాలా ప్రమాదం, ఎవరో వాడారని మిగిలిన మాత్రలు తెచ్చుకుని వేసుకోవద్దు.

బోర్డు మీద చర్మవ్యాధుల చదువు చదివినట్టు ఎండీ డీవీఎల్ అనో డీడీవీఎల్ అనో ఉందా చూడండి. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది, ప్రైవేటుకి వెళ్లలేనివాళ్లు అక్కడ చూపించుకోవచ్చు. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న ట్యూబులు, డబ్బాలు అన్నీ, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసుకెళ్లండి. నెలనెలా తీసిన ఫోటోలు, గత మూడు నెలసరి తేదీలు చూపించండి. పిల్లల కోసం ప్రయత్నిస్తుంటే డాక్టరు చీటీ రాయడం మొదలుపెట్టకముందే ఆ మాట చెప్పండి.