పాత బుల్లెట్‌లో ఆయిల్ ఫిల్టర్ మారుస్తున్నారా? ఘాట్ ఎక్కే ముందు జాగ్రత్తలు

వానలు తగ్గి చలి మొదలవగానే అరకు, లంబసింగి దారుల్లో పాత బుల్లెట్లు కనిపిస్తాయి. వానాకాలమంతా షెడ్డులో నిలబెట్టిన బండికి సాయంత్రం ఆయిల్, ఫిల్టర్ మార్చేసి, తెల్లారేసరికి ఘాట్ ఎక్కించేవాళ్లు చాలామంది. ఫిల్టర్ మార్చడం మంచిదే. భయమల్లా మార్చాక ఇంజన్ తిరిగే మొదటి అయిదు నిమిషాల గురించే. ఆ కాసేపట్లో తొందరపడితే బిగ్ ఎండ్, అంటే కనెక్టింగ్ రాడ్ క్రాంక్ షాఫ్ట్‌ను పట్టుకునే చోటి బేరింగ్, దెబ్బతింటుంది. క్రాంక్ విప్పే పెద్ద పని నెత్తిన పడుతుంది.

మద్రాసులో తయారైన పాత క్యాస్ట్ ఐరన్ (పోత ఇనుము) ఇంజన్ రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ల సంగతి ఇది. ఇందులో ఆయిల్ పంపులు రెండు. ఒకటి ఆయిల్ ట్యాంకులోని (పెట్రోల్ ట్యాంకు కాదు) ఆయిల్‌ను ఫిల్టర్ గుండా బిగ్ ఎండ్‌కు పంపుతుంది. రెండోది క్రాంక్ కేసు (క్రాంక్ తిరిగే గది) అడుగున చేరిన ఆయిల్‌ను తోడి, బయట కనిపించే సన్న పైపుల్లోంచి, ఇంజన్ పైన వాల్వులను తెరిచే రాకర్లకు ఎక్కిస్తుంది. కుడి పక్క టైమింగ్ కవర్‌లో ఫిల్టర్ ఉండే గదిని విప్పితే అందులోని ఆయిలంతా కారిపోతుంది. పంపులు చాలా నిదానంగా తిరుగుతాయి కాబట్టి ఆ గది మళ్లీ నిండటానికి సమయం పడుతుంది. నిండేదాకా బిగ్ ఎండ్‌కు చుక్క అందదు. పాత 350 సీసీ బండిలో అక్కడున్నది ఫ్లోటింగ్ బుష్, అంటే బాల్ బేరింగ్ బదులు వదులుగా తిరిగే లోహపు గొట్టం. ఆయిల్ పొర లేకుండా అది నిలవదు.

అందుకే కొత్త ఫెల్టును (ఫిల్టర్‌గా పనిచేసే మెత్తని గొట్టం) పొడిగా వేయకండి. శుభ్రమైన ఆయిల్‌లో బాగా నానబెట్టి వేయండి. గదిలో పట్టినంత ఆయిల్ ముందే పోయండి. తర్వాత స్పార్క్ ప్లగ్ తీసేసి, కవర్ మీద రెండు పంపుల మధ్య ఉండే ఫీడ్ ప్లగ్‌ను కొద్దిగా వదులు చేసి, కిక్ కొడుతూ ఉండండి. చాలా కిక్కులే పడతాయి, కాలు నొప్పి పుడుతుంది, అయినా ఆపొద్దు. అక్కడ ఆయిల్ ఊరడం కంటితో చూశాకే ప్లగ్ బిగించి ఇంజన్ స్టార్ట్ చేయండి. నాలుగైదు నిమిషాలు ఐడిల్ మీదే ఉంచండి, యాక్సిలరేటర్ తిప్పొద్దు.

చాలామంది మోసపోయేది ఇక్కడే. రాకర్ పైపును బిగించే బాంజో బోల్టు (మధ్యలో ఆయిల్ దారి ఉన్న బోల్టు) వదులు చేసి, ఆయిల్ రాగానే అంతా బాగుందనుకుంటారు. అది రెండో పంపు పని. బండి నెలల తరబడి నిలబడి ఉంటే ట్యాంకులో ఆయిల్ పంపును దాటి మెల్లగా క్రాంక్ కేసులోకి దిగిపోతుంది. స్టార్ట్ చేయగానే ఆ దిగిన ఆయిలే రాకర్లకు ఎక్కుతుంది. ఫిల్టర్ గది ఖాళీగా ఉన్నా పైన తడి కనిపిస్తుంది. ఫీడ్ ప్లగ్ దగ్గర చూసిందే సాక్ష్యం.

ఆయిల్ అలా దిగిపోయినప్పుడు డిప్ స్టిక్ మీద లెవెల్ తక్కువ చూపిస్తుంది. తక్కువుందని మరో అర లీటరు పోశారా, స్టార్ట్ చేశాక బ్రీదర్ గొట్టంలోంచి (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) ఆయిల్ కక్కుతుంది, సైలెన్సర్ పొగ చిమ్ముతుంది. ముందు క్రాంక్ కేసు డ్రెయిన్ బోల్టు విప్పి దిగిన ఆయిల్ తీసేయండి. ట్యాంకు ఆయిల్ కూడా మార్చి కొత్తది కొలిచి పోయండి. ఇంజన్ కాసేపు తిరిగి ఆగాకే లెవెల్ చూడాలి.

తీసిన ఫెల్టును వెంటనే పారేయకండి, ఇంజన్ లోపలి కబురు చెప్పేది అదే. తెల్ల కాగితం మీద పిండి, అయస్కాంతం తిప్పి చూడండి. అంటుకునేవి ఇనుప రజను. అంటుకోకుండా బంగారు రంగులో మెరిసేవి కంచు బుష్‌ల నుంచి వచ్చినవి. వెండిలా మెరిసే పొరలు చాలా కనిపిస్తే బిగ్ ఎండ్ బుష్‌ను అనుమానించి ప్రయాణం మానుకోండి. బూడిదరంగు మీగడలా ఉంటే వానాకాలపు తేమ ఆయిల్‌లో కలిసినట్టు.

బిగించేటప్పుడు స్ప్రింగ్, వాషర్, ఫెల్టు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే వెళ్లాలి. విప్పుతున్నప్పుడే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఫెల్టు చివర్లు సరిగా కూర్చోకపోతే ఆయిల్ వడపోత లేకుండానే పక్కనుంచి జారిపోతుంది. కొత్త ఫెల్టు పొడవు పాతదాని పక్కన పెట్టి చూడండి, పొట్టిగా ఉంటే షాపుకు తిరిగి ఇచ్చేయండి. వాషర్లు కొత్తవి వేయండి. కారుతోందని ఫిల్టర్ గది మూతను బిగించే క్యాప్ నట్టును బలంకొద్దీ తిప్పితే మరలు పోతాయి. టైమింగ్ కవరే తీయాల్సి వస్తే, క్రాంక్ చివర ఆనే చిన్న కార్క్ సీలు తప్పక మార్చండి. అది అరిగితే ఫిల్టర్ ఎంత కొత్తదైనా ఆయిల్ బిగ్ ఎండ్‌కు చేరకుండా పక్కకు పోతుంది.

ఈ పనంతా బయల్దేరడానికి కనీసం వారం ముందు చేసి, ఊళ్లోనే తిప్పి చూడండి. లంబసింగిలో తెల్లవారుజామున ఆయిల్ చిక్కగా ఉంటుంది, కిక్ బరువుగా పడుతుంది. స్టార్టయ్యాక రెండు మూడు నిమిషాలు ఐడిల్ మీద వదిలి, మొదటి కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. ఎత్తెక్కేటప్పుడు లోడు పడి ఇంజన్ కింది నుంచి టకటకమనే బరువైన శబ్దం కొత్తగా వినిపిస్తే అక్కడే ఇంజన్ ఆపి, బండిని ట్రాలీలో కిందికి దించండి.