చక్కెర ముద్దతో కేకు అలంకరణ – 4వ పాఠం: రిబ్బన్ బో

పోయిన పాఠంలో కేకుకు ఫాండెంట్, అంటే చక్కెర ముద్ద, తొడగడం నేర్చుకున్నాం. మిగిలిన ముద్దను గాలి తగలకుండా చుట్టి దాచమన్నాను కదా, అది బయటికి తీయండి. ఈసారి దానితో బో చేద్దాం. చిన్నప్పుడు బడికి వెళ్లేటప్పుడు రెండు జడలూ మడిచి, ఎర్ర రిబ్బనుతో అమ్మ పువ్వు వేసేది గుర్తుందా? అదే ఆకారం. రెండు రెక్కలు, నడుమ ముడి, కిందికి రెండు కొసలు. కాకపోతే అక్కడ రిబ్బను ఒకటే ముక్క. ఇక్కడ ఐదు ముక్కలు విడివిడిగా చేసి చివర్లో కలుపుతాం.

ముందు ముద్ద సంగతి చూద్దాం. కేకు మీద పరిచే ఫాండెంట్ మెత్తగా ఉంటుంది. దానితోనే బో చేస్తే రెక్కలు నిలబడవు, చతికిలబడతాయి. 150 గ్రాముల ఫాండెంట్‌కు అర టీస్పూను సీఎంసీ పౌడర్ కలపండి. టైలోజ్ పౌడర్ దొరికినా సరే. ఇది మొక్కల పీచు నుంచి చేసే పొడి. ముద్దలోని తేమను పట్టుకుని గట్టిపరుస్తుంది. అరచేతులకు కాస్త డాల్డా రాసుకుని ఐదు నిమిషాలు పిసకండి. రంగు వేసేదుంటే ఇప్పుడే వేయాలి, అదీ జెల్ రంగే. నీళ్ల రంగు వేస్తే ముద్ద జిగటగా అయిపోతుంది. తర్వాత గట్టిగా చుట్టి అరగంట వదిలేయండి. పూర్తి శాకాహారుల ఇంటికి చేస్తుంటే ఫాండెంట్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూడండి, కొన్నిటిలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది.

జిగురు ముందురోజు రాత్రే కలిపి పెట్టుకోవాలి. రెండు టేబుల్ స్పూన్ల నీళ్లలో పావు టీస్పూను సీఎంసీ వేస్తే మొదట ఉండలు కడుతుంది. కంగారు పడకండి, తెల్లారేసరికి కరిగి చక్కటి జిగురవుతుంది.

చపాతీ పీట మీద కార్న్‌ఫ్లోర్ పలచగా చల్లి, ముద్దను 3 మిల్లీమీటర్ల మందాన ఒత్తండి. 15 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉండే ముక్కలు రెండు కోయండి. ఇవి రెక్కలు. కిలో కేకుకు ఈ సైజు నిండుగా ఉంటుంది. మిగతా ముద్దను మళ్లీ చుట్టి పెట్టేయండి. ముడీ కొసలూ ఇప్పుడే కోయొద్దు.

ఈ పాఠమంతటికీ కీలకం ఇక్కడే ఉంది, నెమ్మదిగా చేయండి. ముక్క మధ్యలో, బొటనవేలి కంటే కాస్త లావుగా చుట్టిన టిష్యూ పేపరు పెట్టండి. రెండు పొట్టి అంచులనూ దాని మీదుగా తెచ్చి కలిపి, జిగురుతో అంటించండి. ఇప్పుడు ఆ అంటించిన చివరను చీర కుచ్చిళ్లు పట్టినట్టు పట్టాలి. మధ్యలో చూపుడువేలితో లోపలికి నొక్కి, పై భాగాన్ని కిందికి, కింది భాగాన్ని పైకి తెచ్చి దగ్గరగా అదమండి. ఆ మడతల గీతలు రెక్క సగం దాకా వెళ్లాలి. అప్పుడే అది గుడ్డలా కనిపిస్తుంది. చాలామంది చివర ఒక్కటే నలిపి వదిలేస్తారు. మడత లోపలికి పోదు, బో బొమ్మ రెక్కలా బిరుసుగా ఉండిపోతుంది. నచ్చకపోతే విప్పి, పిసికి మళ్లీ చేయండి. రెండు మూడుసార్లకు ముద్ద ఏమీ చెడిపోదు.

రెక్కలను అంచు మీద నిలబెట్టి ఆరనివ్వండి. పొడి వాతావరణంలో 24 గంటలు చాలు. కోస్తాలో, అందులోనూ వానాకాలంలో, రెండు రోజులు పడుతుంది. ఓ జులైలో కాకినాడలో మా మేనకోడలి పుట్టినరోజుకు ఒక్క రాత్రే ఆరబెట్టి టిష్యూ లాగేశాను. పైన గట్టిగానే తగిలింది, లోపల పచ్చిగానే ఉంది. కేకు కోసే వేళకు రెండు రెక్కలూ వాలిపోయాయి. ఆ పిల్ల ముఖం చూశాక ఇంకెప్పుడూ తొందరపడలేదు. ఫ్యాను గాలి, ఏసీ గది మంచివి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. బయటికి తీయగానే చెమ్మ పట్టి, చక్కెర ఆ నీటిని తాగి జిగటగా మారిపోతుంది. క్రీమ్ కేకు ఫ్రిజ్‌లో ఉంటుంది కాబట్టి, కేకు కోయబోయే ముందే దాని మీద బో పెట్టాలి.

రెక్కలు ఆరాక టిష్యూ మెల్లగా లాగేసి, రెండింటినీ అదిమిన చివరలు ఒకదానికొకటి తగిలేలా జిగురుతో కలపండి. ముడికి 6 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ముక్క కోసి, పొడవు అంచులు లోపలికి మడిచి నడుముకు చుట్టి, వెనక అంటించండి. కొసలను చిట్టచివర కోయండి. 12 సెంటీమీటర్లు చాలు, అడుగున వీ ఆకారంలో కత్తిరించండి. పచ్చిగా ఉండగానే కేకు మీద పరిస్తే అంచు మీదుగా అందంగా జారతాయి, ఆరితే విరుగుతాయి. వాటి మీద బో ఉంచి, జిగురు పట్టేదాకా అరగంట రెక్కల కింద టిష్యూ ఆనించండి. టూత్‌పిక్ గుచ్చి నిలబెట్టొద్దు, ఏ పిల్లాడో దాన్ని కొరుకుతాడు.

ఈ వారం కేకు జోలికి వెళ్లకుండా ఆరు రెక్కలు చేయండి. ఆరాక ఒకదాన్ని విరిచి చూడండి. టక్కున విరిగితే ఆరినట్టు, వంగి విరిగితే ఇంకో రోజు ఆగాలి. మిగతా ఐదింటినీ అట్టపెట్టెలో దాచండి, బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బాలో వద్దు. వచ్చే పాఠంలో చేసే గిఫ్ట్ బోకు అవి కావాలి.