పెట్రోలు ధర తగ్గింపు మన జేబు దాకా ఎంత వచ్చిందో లెక్క వేయడం ఎలా?

కేంద్రం ఎక్సైజు సుంకం తగ్గించిన ప్రతిసారీ వాట్సాప్ గ్రూపుల్లో అవే వాదనలు. ప్రకటించినదంతా మన చేతికి వచ్చేసిందని ఒకరంటారు, రాష్ట్రం సగం మింగేసిందని ఇంకొకరంటారు. కాగితం మీద లెక్క వేసినవాళ్లు ఒక్కరూ కనబడరు. నెల జీతంలో బండి ఖర్చు పెద్ద పద్దు అయిన ఇంట్లో ఈ లెక్క రాకపోతే ఎలా?

ధర మారకముందు బంకు రసీదు ఒకటి, మారాక ఒకటి, నోటుపుస్తకం, క్యాలిక్యులేటర్ చాలు. యాప్‌లు వద్దు. చేత్తో రాసిన లెక్కే బుర్రకెక్కుతుంది.

ముందు నెలకు ఎన్ని లీటర్లో తేల్చండి. ఫుల్ ట్యాంకు కొట్టించి రీడింగు రాసుకోండి, మళ్లీ ఫుల్ కొట్టించినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించండి, అదే మీ మైలేజీ. షోరూములో చెప్పిన మైలేజీ ఈ లెక్కలోకి రానే రాకూడదు. రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు, మైలేజీ 50 అయితే 20 లీటర్లు.

అందరూ తప్పేది రాష్ట్రం వేసే పన్ను, వ్యాట్ దగ్గర. ఎక్సైజు లీటరుకు ఇన్ని రూపాయలని ఉంటుంది. వ్యాట్ మాత్రం శాతం, అదీ ఎక్సైజు, డీలరు కమిషన్ కలిశాక పడుతుంది. అంటే పన్ను మీద పన్ను. అందుకే కేంద్రం తగ్గిస్తే రాష్ట్రం వేలు కదపకపోయినా వ్యాట్ దానంతటదే కొంత తగ్గుతుంది.

2022 మే లెక్క తీసుకోండి. కేంద్రం పెట్రోలుపై 8 రూపాయలు తగ్గించింది. తెలంగాణ వ్యాట్ 35.2 శాతం, కాబట్టి మరో 2.82 కలిపి 10.82 తగ్గాలి. హైదరాబాదులో ధర 119.49 నుంచి 109.66కు వచ్చింది, అంటే తగ్గింది 9.83. వ్యాట్ రేటు మారలేదు కాబట్టి ఆ తేడా పన్నులు పడకముందు ధరలోనే ఉంది. రాష్ట్రాన్ని తిట్టేముందు ఇది చూసుకోవాలి. అదే రోజు వ్యాట్ తక్కువున్న ఢిల్లీలో తగ్గింది 8.69 మాత్రమే. వ్యాట్ ఎక్కువున్నచోట తగ్గింపు పెద్దగా కనిపిస్తుంది, పెంపు కూడా అంతే గట్టిగా తగులుతుంది.

ఇంకో తప్పు: 109.66లో 35.2 శాతం తీసి, వ్యాట్ 38 రూపాయలు దాటిందనడం. బంకు ధరలో వ్యాట్ అప్పటికే కలిసి ఉంది. 109.66ను 1.352తో భాగించండి, 81.11 వస్తుంది. మిగిలిన 28.55 వ్యాట్. ఈ భాగహారం చేయనివాళ్లతో పన్నుల గురించి వాదనకు దిగకండి. ఆంధ్రప్రదేశ్‌వాళ్లు ఇంకాస్త జాగ్రత్తపడాలి. అక్కడ 31 శాతంతో పాటు లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు 1 రూపాయి విడిగా ఉన్నాయి. సెస్సు మీద కూడా వ్యాట్ పడుతుంది కాబట్టి ముందు ఆ 4 తీసేసి, 1.31తో భాగించి, వచ్చినదాంట్లోంచి సెస్సు 1 రూపాయి తీసేయాలి. కేంద్రం ఎంత తగ్గించినా ఆ 5 కదలదు.

ప్రకటన చూసి కాదు, రసీదు చూసే రాయండి. 2025 ఏప్రిల్‌లో ఎక్సైజు 2 రూపాయలు పెరిగినా బంకులో ధర మారలేదు, ఆ భారం చమురు కంపెనీల మీద పడింది.

ఇక 20 లీటర్లను 9.83తో గుణిస్తే నెలకు 197 రూపాయలు. తగ్గిందని రాయాల్సింది ఇదే.

ఇంట్లో ఆడవాళ్లు ఉచిత బస్సు ఎక్కితే మిగిలేది ఇంతకన్నా చాలా ఎక్కువే ఉంటుంది, ఆ పద్దు విడిగా రాయండి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఇది ఉంది. కానీ అన్ని బస్సులకూ జీరో టికెట్ లేదు. హైదరాబాదులో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లకే లెక్క కట్టండి. ఇంటి నుంచి స్టాపు దాకా షేర్ ఆటోకు రానూపోనూ ఇచ్చేది అందులోంచి తీసేయండి.