ముందు టైరు లోపలి పక్కే అరుగుతాందా? గ్రైండర్ పట్టకముందు ఇది చూసుకోండి

సమస్య: నా సెకండ్ హ్యాండ్ కారుకి ఎడమ ముందు టైరు లోపలి అంచు ఆరు నెలలకే గుండైపోయింది, బయటి అంచు చూస్తే కొత్తదాని మాదిరే ఉంది. అనంతపురం నుంచి కర్నూలు పోతాంటే గుత్తి దాటినాక హైవే మీద స్టీరింగ్ కొంచెం లూజుగా పట్టుకుంటే బండి కుడికి లాగుతాంది. మన రోడ్లు నీళ్లు పోయేదానికి ఎడమకి వాటంగా ఉంటాయి కదా, కొంచెం ఎడమకి పోతే పట్టించుకోవద్దు, కుడికి పోయిందంటే మాత్రం ఏదో ఉన్నట్టే.

ఫస్టు టైరు మీద అరచెయ్యి పెట్టి అడ్డంగా రుద్దండి. రంపం పళ్ల మాదిరి గీసుకుంటే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిండే కోణం) తప్పింది, టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి పోయే కడ్డీ) సెట్ చేస్తే అయిపోతాది. నున్నగా ఒకపక్కే అరిగింటే క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలిందని.

కారణం: మెకానిక్ చూసీ చూడకనే "టవర్ హోల్స్ కోసేద్దాం అన్నా" అన్నాడు. టవర్ అంటే స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసుండేది) పైకొనని బోల్టులతో బిగించే బాడీ భాగం, ఆ బోల్టుల హోల్స్‌ని పొడవు చేస్తే చక్రం వాలు మారుతాది. ఆగమన్నా. చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్ బుష్, బాల్ జాయింట్ పోయినా ఇదే కథ, స్టీరింగ్ తిప్పేటప్పుడు పైన టక్ టక్ అంటే స్ట్రట్ మౌంట్ బేరింగ్ చూడాల, బండి కిందికి దిగాలని పొట్టి స్ప్రింగులు వేసినోళ్లకి క్యాంబర్ ఎట్లాగూ లోపలికి పోతాది. నా బండిలో ఇవన్నీ బాగుండాయి. ఇంగ బానెట్ ఎత్తి, టవర్ బోల్టు నుంచి ఎదురుపక్క రేడియేటర్ సపోర్ట్ బోల్టుకి ఐమూలగా టేపు పెట్టినా, రెండు ఐమూలలకి 7 మి.మీ. తేడా! ఎడమ టవర్ లోపలికి నొక్కుకుపోయింది, పాత యాక్సిడెంట్‌ని పెయింటు కింద దాచి అమ్మినారు నాకు.

పరిష్కారం: తేడా సెంటీమీటరు దాటినా, టవర్ వెల్డింగ్ దగ్గర చీలికలున్నా హోల్స్ జోలికి పోవద్దు, జిగ్ (బాడీని బిగించి కొలతకి లాగే ఫ్రేము) ఉండే బాడీ షాపులో లాగించుకోవాల్సిందే. తక్కువైతే మొదట కింద స్ట్రట్‌ని నకిల్‌కి (చక్రం హబ్ ఉండే భాగానికి) బిగించే పై బోల్టు తీసి క్యాంబర్ బోల్టు (తిప్పితే చక్రం వాలు మారే బోల్టు) వేసి చూడండి, కోసే పనే ఉండదు. నా బండికి ఆ బోల్టు సైజు అనంతపురంలో దొరకలేదు.

అందుకే హోల్స్‌ని ఫైల్‌తో బయటికి 5 మి.మీ. పొడవు చేసినాం, స్ట్రట్ పైకొన సుమారు సెంటీమీటరు జరిగితే ఒక డిగ్రీ మారుతాది, అంటే నాకు అర డిగ్రీ వచ్చింది. నట్ల కింద మామూలు వాషర్ చాలదు, 3 మి.మీ. పట్టీ వేసినాం, కోసిన చోట ప్రైమర్ కొట్టినాం. మధ్య హోల్‌కి మౌంట్ తగులుతాందేమో కూడా చూసుకోవాల. ఇంగొకటి, స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా స్ట్రట్ నడిమి నట్టు ఎవరు విప్పుదామన్నా ఒప్పుకోవద్దు, స్ప్రింగ్ ఎగిరితే మొగం పోతాది.

క్యాంబర్ మారితే టో కూడా తప్పుతాది, అందుకే అదే రోజు అలైన్మెంట్. మొదట క్యాంబర్ ఎడమ మైనస్ 1.3 డిగ్రీలు (మైనస్ అంటే పైభాగం లోపలికి వాలినట్టు), కుడి మైనస్ 0.5 ఉండె, ఇప్పుడు ఎడమ మైనస్ 0.8. కుడిదానితో మిగిలిన ఆ తేడా కోసం ఇంకా కోయలేదు, లాగడం తగ్గిపోయింది. నట్ల పక్కన పెయింటు గీత పెట్టినా, 100 కిలోమీటర్లు తిరిగినాక చూస్తే గీత జరగలేదు.