ఫ్రెంచ్ నేర్చుకోవాలంటే చెవితో మొదలుపెట్టండి

ఫ్రెంచ్ భాషను కంటితో కాక చెవితో మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. దాని లిపిలోని 26 అక్షరాలూ ఇంగ్లీషు చదివినవారికి తెలిసినవే కావడం వల్ల, చూసిన మాటను చూసినట్టే చదివేయాలనిపిస్తుంది. 'మాట్లాడు' అనే క్రియనే తీసుకోండి. నేను, నువ్వు, అతను, వాళ్లు అనే కర్తలతో రాసినప్పుడు దానికి మూడు రకాల వర్ణక్రమాలు వస్తాయి కానీ, పలికేటప్పుడు నాలుగు చోట్లా వినిపించేది 'పార్ల్' ఒక్కటే. 'వాళ్లు' రూపానికి చివర ఉన్న మూడు అక్షరాలకు ధ్వనే లేదు. నేను తొలిరోజుల్లో పుస్తకం చూసి దానిని 'పార్లెంట్' అని వారాల తరబడి వల్లెవేశాను. ఆ అలవాటును వదిలించుకోవడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది.

అందుచేత మొదటి నెలంతా రోజూ నిమిషానికి మించని ఒక సంభాషణను ఎంచుకోండి. పాఠం చూడకుండా నాలుగైదు సార్లు విని, చెవికి తోచినదాన్ని తెలుగు లిపిలో రాసుకొని, ఆ తర్వాతే అసలు పాఠం తెరిచి, రాసి ఉండీ పలకని అక్షరాల కింద గీతలు గీయండి. ఫ్రెంచ్ టీవీ సంస్థ టీవీ5మోండ్ ఇంటర్నెట్‌లో ఉచితంగా అందించే ఏ1 (ఆరంభ) స్థాయి అభ్యాసాలు ఈ పనికి చక్కగా సరిపోతాయి.

ఉచ్చారణలో తెలుగువారికి కొన్ని సౌకర్యాలున్నాయి. ఫ్రెంచ్ త, ద ధ్వనులు మన త, ద లకే దగ్గర. ఇంగ్లీషు అలవాటుతో ట, డ అనకూడదు. ముక్కుతో పలికే అచ్చులను అరసున్నతో గుర్తు పెట్టుకోవచ్చు: 'మంచి' అనే అర్థమున్న 'బోఁ' చివర పెదవులు మూసుకోవు, న గానీ మ గానీ వినిపించదు. 'లే', 'అమి' అనే మాటలు కలిసి 'లేజామి' (స్నేహితులు) అయినట్టుగా, విడిగా పలకని హల్లు అచ్చు ముందు మేల్కొనడం కూడా సంధికి అలవాటుపడిన చెవికి వింతగా తోచదు. తెలుగు లిపికి అందని అచ్చు మాత్రం ఒకటుంది. 'పైన', 'కింద' అనే పూర్తి వ్యతిరేకార్థాలున్న రెండు ఫ్రెంచ్ మాటలనూ మనం 'దెసు' అనే రాయగలం. వాటి మధ్య తేడా చివరి అచ్చులోనే ఉంది. 'కింద' అనే మాటలోది మామూలు 'ఊ'. 'పైన' అనే మాటకు, 'ఈ' అంటూ నాలుకను కదల్చకుండా పెదవులను మాత్రం 'ఊ' అన్నట్టు గుండ్రంగా చుట్టాలి. అద్దం ముందు నిలబడి ఈ రెండింటినీ మార్చి మార్చి పలకండి.

నామవాచకాన్ని ఎన్నడూ ఒంటరిగా నేర్చుకోకండి. ప్రాణం లేని వస్తువులకు కూడా ఫ్రెంచ్‌లో లింగం ఉంటుంది: పుస్తకం పుంలింగం, బల్ల స్త్రీలింగం. దీనికి అర్థంతో సంబంధం వెతకడం వృథా. 'తూర్' అనే మాట ముందు స్త్రీలింగాన్ని తెలిపే 'లా' ఉంటే గోపురం, ఈఫిల్ టవర్‌కు ఫ్రెంచ్ పేరులో ఉన్నది అదే. పుంలింగాన్ని తెలిపే 'లె' ఉంటే చుట్టివచ్చే ప్రయాణం, సైకిల్ పందెం 'తూర్ ద ఫ్రాన్స్'లో ఉన్నది ఇది. కనుక మాటను దాని ముందుండే 'లె', 'లా', 'అఁ', 'యూన్' వంటి పదంతో కలిపి, ఒకే మాట అన్నట్టుగా కంఠస్థం చేయండి.

వ్యాకరణంలో మొదట 'ఉండు', 'కలిగి ఉండు', 'వెళ్లు', 'చేయు' అనే నాలుగు క్రియల వర్తమాన రూపాలు చాలు. ఆకలిని, వయసును చెప్పడానికి ఫ్రెంచ్‌వారు 'కలిగి ఉండు' క్రియనే వాడతారు. 'నాకు ఆకలి', 'నాకు ఇరవై ఏళ్లు' అనే మన ధోరణి దీనికి ఇంగ్లీషు కన్నా దగ్గర. 'తు', 'వూ' అన్నవి మన 'నువ్వు', 'మీరు' లాంటివే.

గడువు ఉంటేనే చదువు సాగేవారు ఫ్రెంచ్ భాషా సామర్థ్యానికి ధ్రువపత్రమిచ్చే డెల్ఫ్ పరీక్షల్లో ఏ1 స్థాయిని లక్ష్యంగా పెట్టుకోవచ్చు. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు భాగాలకు 25 చొప్పున 100 మార్కులు. ఉత్తీర్ణతకు మొత్తం 50, ప్రతి భాగంలో కనీసం 5 రావాలి.

అంకెలకు విడిగా సమయం కేటాయించండి. ఫ్రాన్స్‌లో 70 అంటే 'అరవై పది', 80 అంటే 'నాలుగు ఇరవైలు', 90 అంటే 'నాలుగు ఇరవైల పది'. బెల్జియం, స్విట్జర్లాండ్‌లలో 70కి 'సెప్తాఁత్' అనే విడి మాట ఉంది. ఫ్రాన్స్‌లో పది అంకెల ఫోన్ నంబరును రెండేసి అంకెలుగా చెబుతారు కాబట్టి, ఎవరిచేతనైనా నంబర్లు చదివించుకొని రాసుకోవడం మంచి అభ్యాసం. 'స్వసాఁత్' (అరవై) అని వినగానే 6 వేసేయకుండా తర్వాతి మాట కోసం ఆగండి: 'సేఁక్' అంటే 65, 'కేఁజ్' అంటే 75.