‘ఐ యామ్ హ్యావింగ్’ వదలడం లేదా? హ్యావ్ మరమ్మతు

సమస్య: విశాఖ ద్వారకానగర్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు పూర్తయినా నోటికి ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’, ‘ఐ యామ్ హ్యావింగ్ ఎ డౌట్’ అనే వస్తున్నాయి.

కారణం: హ్యావ్ అంటే ‘కలిగి ఉండు’ అని బడిలో బట్టీ పట్టించారు. ఇంట్లో ఎవరైనా ‘నేను ఇద్దరు అన్నలను కలిగి ఉన్నాను’ అంటారా? ‘నాకు ఇద్దరు అన్నలున్నారు’ అంటాం. తెలుగులో దీనికి వేరే క్రియ లేదు, ‘ఉండు’తోనే పని జరిగిపోతుంది. ఆ బట్టీ పట్టిన ‘ఉన్నాను’ ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ‘యామ్’ అవుతుంది, వెనకే ‘ఇంగ్’ వచ్చి చేరుతుంది.

పరిష్కారం: మాటను ముందు మామూలు తెలుగులో అనుకుని చివర చూడండి. ఎవరికో, ఎవరి దగ్గరో ఏదైనా ‘ఉంది, ఉన్నాయి, ఉన్నారు’ అని ముగిస్తే ఉత్త హ్యావ్ చాలు. జ్వరం ఉంది: ఐ హ్యావ్ ఎ ఫీవర్. చిల్లర ఉందా: డు యు హ్యావ్ చేంజ్? ‘తింటున్నాం, పడుతున్నాం’ లాంటి పని కనబడితే హ్యావింగ్ తప్పు కాదు. జగదాంబ జంక్షన్ దగ్గర భోంచేస్తూ ఫోనెత్తి ‘వుయ్ ఆర్ హ్యావింగ్ లంచ్’ అనొచ్చు. నెట్ రాక తిప్పలు పడుతుంటే ‘వుయ్ ఆర్ హ్యావింగ్ ట్రబుల్’ అనొచ్చు. హ్యావింగ్ అనే మాటే వాడొద్దనే మాస్టార్లతో నాకు పేచీ ఇక్కడే.

సమస్య: అక్కర్లేని చోట హ్యావ్ దూరుతుంది, కావాల్సిన చోట మాయమవుతుంది. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూపిస్తూ పైఊరి స్నేహితులకు చెప్పే మాటలు వినండి: ‘ఇట్ హ్యాజ్ రిటైర్డ్ ఇన్ 2001. ఇట్ ఈజ్ ఎ మ్యూజియం సిన్స్ 2002.’ రెండూ తప్పే.

కారణం: మొదటిది 2001లోనే అయిపోయిన పని. ఫలానా ఏడాది, నిన్న, పోయిన వారం అని గడిచిన కాలం చెప్పాక హ్యావ్ రాదు. రెండోది తెలుగు తెచ్చిన తంటా. ‘2002 నుంచి మ్యూజియంగా ఉంది’ అంటే మనకు సరిపోతుంది. ఇంగ్లీషులో మాత్రం అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్నదానికి ‘ఈజ్’ చాలదు, ‘హ్యాజ్ బీన్’ కావాలి.

పరిష్కారం: ‘ఇట్ రిటైర్డ్ ఇన్ 2001. ఇట్ హ్యాజ్ బీన్ ఎ మ్యూజియం సిన్స్ 2002.’ నేవీలో చేరిన ఏడాదీ చెప్పాలంటే ‘ఇట్ జాయిన్డ్ ది నేవీ ఇన్ 1969’. అక్కడా హ్యాజ్ లేదు.

ఇక ‘ఐ హ్యావ్ నాట్ టు గో’ అని వస్తుంటే, ‘ఐ డోంట్ హ్యావ్ టు గో’ అనండి. దానర్థం వెళ్లక్కర్లేదు అని. వెళ్లకూడదు అనాలంటే ‘మస్ట్ నాట్’. ఈ రెండూ తారుమారైతే, ఆదివారం డ్యూటీకి రానక్కర్లేదని చెప్పబోయి రావడానికి వీల్లేదని చెప్పినట్టవుతుంది.