గ్యాస్ అని సరిపెట్టుకునే ముందు: అండాశయ క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకునేందుకు ఏం చేయాలి

అండాశయాలు పొత్తికడుపు లోతుల్లో ఉంటాయి కనుక అక్కడ మొదలైన క్యాన్సర్ గడ్డ తొలిరోజుల్లో చేతికి తగలదు. అది చూపించే లక్షణాలు ముఖ్యంగా నాలుగు: పొట్ట ఉబ్బరం, నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోవడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి రావడం. గుంటూరు, విజయవాడ ఇళ్లలో ఇందులో మొదటి మూడింటికీ గ్యాస్ అన్నదొక్కటే పేరు. నెపం ఊరగాయ మీదకు పోతుంది, మందు వీధి చివరి మందుల షాపు నుంచి వస్తుంది. నిజానికి ఎక్కువమందిలో అది గ్యాసే. అయితే అదేదో తేల్చుకోకుండా నెలల తరబడి మాత్రలు మింగడంలోనే ప్రమాదం ఉంది.

కాబట్టి తిథులు, వర్జ్యాలు చూసుకునే గోడ క్యాలెండర్ మీదే, ఈ నాలుగింటిలో ఏదైనా కనిపించిన రోజున ఒక చుక్క పెట్టండి. ఇబ్బంది కొత్తగా మొదలై, నెలలో 12 రోజులకు మించి చుక్కలు పడితే, ముఖ్యంగా వయసు 50 దాటితే, స్త్రీల వైద్య నిపుణురాలిని కలవాలి. ముట్లుడిగిన తరువాత మళ్లీ రక్తం కనిపిస్తే చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా వెంటనే వెళ్లాలి.

విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల్లోనో గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల్లోనో గంటల తరబడి కూర్చుంటే డాక్టరుతో మాట్లాడే సమయం అయిదు నిమిషాలు దొరుకుతుంది. ఆ కాస్త వ్యవధిలో గ్యాస్ అన్న మాట ఎత్తకుండా, ఏ ఇబ్బంది, ఎప్పటి నుంచి, నెలకు ఎన్ని రోజులు అన్నది క్యాలెండర్ చూపించి చెప్పండి. తల్లి వైపే కాక తండ్రి వైపు మేనత్తలకు, నాయనమ్మకు రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే అదీ చెప్పండి. గర్భసంచి తీయించుకున్నవారు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. ఇక ఆ బెంగ లేదని వారనుకుంటారు గాని, ఆపరేషన్‌లో అండాశయాలను అలాగే ఉంచి ఉండవచ్చు. పాత డిశ్చార్జి కాగితం వెతికి వెంట తీసుకువెళ్లడం మంచిది.

డాక్టరు సాధారణంగా పొత్తికడుపు పరీక్ష, అల్ట్రాసౌండ్ స్కానింగ్, సీఏ-125 అనే ప్రొటీన్ రక్తంలో ఎంత ఉందో చూసే పరీక్ష చేయిస్తారు. సీఏ-125కు 35 యూనిట్లను హద్దుగా తీసుకుంటారు. అది దాటినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం), ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో వచ్చే క్యాన్సర్ కాని గడ్డలు), కడుపులో క్షయ, చివరకు నెలసరి కూడా ఆ అంకెను పెంచగలవు. తొలిదశ రోగుల్లో దాదాపు సగం మందిలో అది మామూలుగానే ఉంటుంది కనుక, అంకె బాగున్నా ఇబ్బంది తగ్గకపోతే మళ్లీ వెళ్లక తప్పదు. పాప్ స్మియర్ గర్భాశయ ముఖద్వారానికి చేసే పరీక్ష. అండాశయం సంగతి దానితో తేలదు.

ఏ లక్షణమూ లేనివారు హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఉంది కదా అని సీఏ-125 చేయించుకోనవసరం లేదని నా అభిప్రాయం. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా స్త్రీలతో సాగిన అధ్యయనంలో అటువంటి ముందస్తు పరీక్షల వల్ల మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. వంశపారంపర్య ముప్పు ఉన్నవారి సంగతి వేరు.

స్కానింగ్‌లో అనుమానాస్పదమైన గడ్డ కనిపిస్తే, సూదితో నీరు తీయించడానికి తొందరపడవద్దు. అండాశయానికే పరిమితమైన గడ్డ పగిలితే క్యాన్సర్ కణాలు కడుపులోకి చిందవచ్చు. స్త్రీల క్యాన్సర్ శస్త్రచికిత్స నిపుణులు ఎక్కడున్నారో ముందుగా విచారించండి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో క్యాన్సర్ విభాగం ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో చేరే ముందే ఆసుపత్రిలోని పథకం కౌంటర్‌లో అడగండి.

వ్యాధి నిర్ధారణ అయితే బీఆర్‌సీఏ జన్యుపరీక్ష (రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే వంశపారంపర్య జన్యులోపం ఉందేమో చూసేది) గురించి డాక్టరును అడగాలి. అందులో లోపం బయటపడితే, ఆ రిపోర్టు నకలు ఒకటి అత్తవారిళ్లలో ఉన్న అక్కచెల్లెళ్లకూ కూతుళ్లకూ పంపించి, వారినీ డాక్టరుకు చూపించుకోమని చెప్పండి.